మగ్గం గుంత తాగిన నీళ్లు

సొంత పెరట్లో బావి పెట్టుకుని, రెండు గల్లీల అవతలి కొళాయి దగ్గర ఆడవాళ్ల వరసలో బిందె పట్టుకుని నిలబడే మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఏడాది పొడుగునా చూశాను. పేరు గాజుల రామన్న. మా ఎదురింటాయన, వరసకు నాకు మామ. సోలాపూర్‌లో కన్నా చౌక్ వెనక ఉన్న మా గల్లీలో ఆయన్ని చూసి నవ్వని నోరు లేదు. అందరికంటే పెద్ద నోరు నాదే. గడపలో కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, "ఏం మామా, మీ బావి మీ మీద అలిగిందా ఏంది?" అని అరిచేదాన్ని. ఆయన బిందెను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, "కాళ్లు సాగుతయి పిల్లా" అని పోయేవాడు.

ఆ బావి మామూలు బావి కాదు మరి. దాన్ని కుంకుమ బావి అంటారు. మా గల్లీలో ఏ కోడలు నీళ్లోసుకున్నా, శ్రావణంలో వచ్చే నూలు పున్నమ నాడు పసుపు రాసిన చెంబు పట్టుకుని ఆ పెరట్లోకి పోవాల్సిందే. రామన్న పెళ్లాం సుందరాబాయి తలంటుకుని, మొదటి బొక్కెన చేది, అందులో చిటికెడు కుంకుమ వేసి, పోచమ్మ పేరు చెప్పి అందరికీ పోసేది. నా ఇద్దరు పిల్లలు కడుపులో ఉన్నప్పుడు నేనూ తాగాను. అలాంటి బావి ఉన్న ఇంటాయన ఉన్నట్టుండి ఓ రోజు నుంచి అందులో ఒక్క చుక్క నోట్లో పోసుకోనంటే తిక్క అనుకోమా? తిక్క కాదు, భయం. అది మాకు తెలిసేసరికి ఆ ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

ముందు ఆయన మగ్గం సంగతి చెప్పాలి. వాళ్ల తాత కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం కర్రలు బండి మీద వేసుకుని సోలాపూర్ వచ్చాడట. ముందు గదిలో గుంత మగ్గం. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: నేలలో తొడ లోతున గుంత తవ్వుతారు, నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి పలకలు తొక్కుతాడు. పొద్దున కాళ్లు దించే ముందు గుంతకు మొక్కుతాడు. మా ఊరి ఎండలకు గాలి పొడిబారి నూలు పుటుక్కున తెగుతుంది. అందుకని ఎండాకాలం గుంతలో నీళ్లు పోస్తారు, ఆ తడికి పోగు మెత్తబడుతుంది. మిగతా వాళ్ల గుంతల్లో నీళ్లు నిలబడి దోమలు పుట్టేవి. రామన్న గుంతలో మాత్రం పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యేవి. ఆయన తండ్రి తవ్వేటప్పుడు అడుగున నల్లరాయి తగిలిందట, ఆ రాయికి అడ్డంగా ఓ పగులు ఉందట. నీళ్లు పోయగానే ఆ పగులు గుటక వేసినట్టు చప్పుడయ్యేది. "మా గుంతకు దూప ఎక్కువ" అని ఆ ముసలాయన గొప్పలు చెప్పుకునేవాడు. తాగిన నీళ్లు ఎటు పోతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక్క రామన్నకు తెలుసు. అది ఆయనకు పెళ్లయిన కొత్తలో సంగతి. సుందరాబాయికి అప్పటికే రెండు కడుపులు పోయాయి, మళ్లీ నీళ్లోసుకుంది. అత్త ఊరుకునే రకమా? ఇదీ నిలవకపోతే దీన్ని పుట్టింటికి తోలి కొడుక్కి ఇంకోదాన్ని తెస్తానని గల్లీ గల్లీ తిరిగి చెప్పింది. ఆ రోజుల్లోనే, తండ్రి ఊళ్లో లేనప్పుడు, రామన్న పెళ్లి చీరల నూలుకు ఎర్రరంగు అద్దబోయి, పాళ్లు తప్పి, కాగెడు రంగూ పాడుచేశాడు. తండ్రి తంతాడన్న భయంతో ఆ రంగు నీళ్లన్నీ మగ్గం గుంతలో కుమ్మరించాడు. గుంత గటగటా తాగేసింది. తెల్లారి తల్లి బావిలో బొక్కెన వేసి చేదితే నీళ్లు ఎర్రగా వచ్చాయి.

"పోచమ్మ! పోచమ్మ బావిల కుంకుమ చల్లింది!" అని ఆ తల్లి పెరట్లో పడి దొర్లింది. గల్లీకి గల్లీ వచ్చి చేరింది. ఆ నీళ్లే కోడలికి తాగించారు. కడుపు నిలిచింది, పాండురంగ్ పుట్టాడు. ఇంకోదాన్ని తెస్తానన్న అత్తే సుందరాబాయి కాళ్లకు పసుపు రాసింది. ఇక రామన్న ఏం చెబుతాడు? ఆ రంగు నేను పోసిందేనంటే పెళ్లాం బతుకు మళ్లీ మొదటికొస్తుంది. నోరు మూసుకున్నాడు. ప్రేమతోనే మూసుకున్నాడు, ఆ మాట కాదనను. నాలుగు రోజులకు రంగు పోయింది గానీ, బావికి ఆ పేరు ముప్పై ఏళ్లు ఉండిపోయింది.

తర్వాత సాంచెలొచ్చాయి. కరెంటు మీద ఆడే ఆ మగ్గాలు దడదడమని తువ్వాళ్లు, చాదర్లు నేసి పారేస్తుంటే చేతిమగ్గం చీర ఎవరికి కావాలి? కొడుకు పాండురంగ్ ఓ సాంచెల కార్ఖానాలో నూలుకు రంగులద్దే పనిలో చేరాడు. రామన్నకు చూపు తగ్గింది. చివరికి మగ్గం విప్పేశారు, కర్రలు పొయ్యిలోకి పోయాయి, గుంత మీద షాబాద్ బండ పరిచి ముందు గది కిరాయికిచ్చారు. వచ్చినవాడు దశరథ్ జాధవ్ అని మరాఠీ పిల్లవాడు, పశువుల డాక్టరు. ఎనభై ఏడులో అనుకుంటా. మా చుట్టుపక్కల బర్రెల కొట్టాలున్నాయి, టాంగా గుర్రాలున్నాయి, ఇంటింటికీ మేకలున్నాయి, అతనికి పనికేం కొదవ? బర్రెల డాక్టర్ అని మేమే పేరు పెట్టేశాం. మా మధ్య తిరిగి తిరిగి తెలుగు కూడా పట్టేశాడు. మనిషి మంచివాడు, అది చెప్పకపోతే పాపం.

గదిలో అడుగుపెట్టిన రోజే అతను మురికి నీళ్లు పోయే మోరీ ఎక్కడని అడిగాడు. మా గల్లీకి మోరీ ఎక్కడిది? గటార్ లైను చౌక్ దాకా తవ్వుకొచ్చి అక్కడే వదిలేశారు. మా ఇళ్ల నీళ్లన్నీ గడప ముందు పారి అక్కడే ఎండిపోతాయి. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"కాకా, నా దగ్గరివి బట్టలుతికిన నీళ్లు కాదు. రక్తం ఉంటది, ఉచ్చ ఉంటది, రోగం ఉంటది. ఇవి మట్టిల ఇంకొద్దు. వెనక పెరట్ల గచ్చుతోని పక్కా టాకీ కట్టిద్దాం. నిండినప్పుడు బండి పిలిచి తీయిస్త. ఖర్చు నాది."

సుందరాబాయి చీపురు పట్టుకునే వచ్చింది. "పెరట్లనా? అమ్మ ఉన్న జాగల నీ బర్రెల ఉచ్చకు టాకీ కడ్తవా? నోరు కడుక్కో డాక్టర్!" అంది. అంతలోనే మెత్తబడింది. కిరాయికొచ్చిన మనిషిని పోగొట్టుకోవడం ఆమెకూ ఇష్టం లేదు. "టాకీ ఎందుకయ్యా? మగ్గం గుంత ఉన్నది గదా. ఎంత పోసినా తాగుతది. బండకు ఒక బొక్క కొట్టిస్తే సరి."

"గుంతల వద్దు," అన్నాడు రామన్న.

"ఎందుకొద్దు?"

"మా నాయిన కాళ్లు పెట్టిన జాగ. మొక్కిన జాగ."

"మగ్గం కట్టెలు పొయ్యిల పెట్టిననాడు యాదికి రాలేదా మొక్కిన జాగ అని? ఇయ్యాల వచ్చిందా?" అని ఆమె ఇంతెత్తున లేచింది. ఆ మాటకు నేను కూడా గడపలోంచి కిసుక్కున నవ్వాను.

డాక్టరు మాత్రం నవ్వలేదు. రామన్న వైపు తిరిగి నిదానంగా అడిగాడు. "కాకా, మీ ఇల్లు మీకే ఎరుక. ఈ గుంత నీళ్లు బావికి పోవు గదా?"

రామన్న పెళ్లాం వైపు చూశాడు. ఆమె చీపురు నడుముకు ఆనించి, ఇదేం ప్రశ్న అన్నట్టు నిలబడి ఉంది. ఆ ఒక్క క్షణంలో ఆయన చెప్పేస్తే ఈ కథే లేదు. "ఏమో బిడ్డా, నాకేమెరుక," అన్నాడు. "బావి ఆ కొసకు, గుంత ఈ కొసకు. నడుమ రెండర్రలు," అని సుందరాబాయి తేల్చేసింది. మేస్త్రీ వచ్చి బండకు రంధ్రం కొట్టాడు.

ఆ మర్నాటి నుంచే రామన్న బిందె పట్టుకుని కొళాయికి పోవడం మొదలుపెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. డాక్టరు గది కడిగిన మురికి నీళ్లను గుంతలో పడకముందే బకెట్లలో పట్టి, చౌక్ దగ్గర గటార్ దాకా తనే మోసుకుపోయేవాడు. రక్తం కలిసిన నీళ్లు, ఫినాయిల్ వాసన! మా గడపల ముందు నుంచి పోతుంటే ముక్కులు మూసుకునేవాళ్లం. కార్ఖానాలో ఎవరో అన్నారని ఓ రోజు పాండురంగ్ ఇంటికొచ్చి తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "బాపూ, నా ఇజ్జత్ తీస్తున్నవు. బర్రెల కొట్టంల పని చేస్తడా మీ బాపు అని అడుగుతున్నరు. గుంత ఉండంగ నీకెందుకీ మోత?" రామన్న కొడుకు మొహంలోకి చూశాడు. మర్నాడు బకెట్లు మూలకు పెట్టేశాడు. పొద్దున గది కడగగానే గుంత గుటక వేసిన చప్పుడు మా గడప దాకా వినిపించేది.

కొన్నాళ్లకు బావి మారడం మొదలైంది. ముందు కప్పలు పోయాయి. వానలప్పుడు ఆ పెరట్లో వాటి గోలకు నిద్ర పట్టేది కాదు, ఒక్కటీ లేకుండా పోయింది. తర్వాత బావి గోడ రాళ్ల మీది పాకురు నల్లగా మారి, జిగటగా కిందికి జారింది. బావిగట్టు మీద రోజూ నీళ్లు తాగే పిచుకలు అటు రావడం మానేశాయి. "బావి వయసు మళ్లింది," అంది సుందరాబాయి.  రామన్న రోజుకు మూడుసార్లు బావిలోకి వంగి చూస్తాడని వాళ్ల కోడలు లలిత నాకు చెప్పింది. "ఏం పడేసుకున్నవు మామా అంటే ఏం లేదు బిడ్డా అంటడు" అంది.

లలిత గురించి చెప్పాలి. పాండురంగ్ భార్య. బీడీలు చుట్టడంలో నా పోటీదారు. నేను ఒక కట్ట చుట్టేలోపు ఒకటిన్నర చుట్టి, పైగా నా వైపు చూసి కన్ను గీటేది. మనిషి గట్టిది, నిండు బిందె చంకన, ఇంకోటి నెత్తిన పెట్టుకుని పరుగెత్తేది. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని ఎవరైనా నొచ్చుకుంటే, "వస్తది తియ్, తొందరేంది" అని నవ్వేసేది. ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక నీళ్లోసుకుంది. ఆ ఇంట్లో ఎవరి సంతోషం వాళ్లది. రామన్న ఒక్కడే ఆ మాట విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఆ రోజే కోడల్ని పక్కకు పిలిచాడు. "బిడ్డా, నువ్వు నేను తెచ్చిన బిందెలయే తాగు. బావియి ముట్టకు."

"ఎందుకు మామా?"

"ఉప్పు నీళ్లు బిడ్డా. కడుపుతోని ఉన్నోళ్లకు మంచిది గాదు."

లలిత సరేనంది. కానీ అత్త ఊరుకుంటుందా? పొద్దున్నే బావి నీళ్లు చేది, పోచమ్మ పేరు చెప్పి, చెంబుడు కోడలి చేతికిచ్చేది. లలిత అదీ తాగేది. "మామ కోసం మామ నీళ్లు, అత్త కోసం అత్త నీళ్లు. ఎవల మనసు నొప్పియ్యను?" అని నాతో అంటూ నవ్వింది. నేనూ నవ్వాను. పాపం మామ మాత్రం తను తెచ్చిన బిందె రోజూ ఖాళీ అవుతుంటే, కోడలు తన మాట వింటోందనే అనుకున్నాడు.

వానలు దిగాయి. వానలతో పాటు పశువులకు గాలికుంటు దిగింది. నోటి నుంచి నురగ, గిట్టల మధ్య పుండ్లు. చుట్టుపక్కల కొట్టాల బర్రెలన్నీ కుంటుకుంటూ మా గల్లీలోకే వచ్చాయి. గల్లీ గల్లంతా నురగ, పేడ, ఉచ్చ. డాక్టరుకు తిండికి తీరిక లేదు. ఎర్రమందు నీళ్లలో కలిపి బకెట్లకు బకెట్లు గిట్టలు కడిగాడు. ఒక చూడిబర్రె ఆ గదిలోనే నెలలు నిండకముందే ఈసుకుపోయింది. ఆ నెత్తురు, ఆ నీళ్లు, ఆ మందు, రోగమొచ్చిన బర్రెల ఉచ్చ, అన్నీ బండ రంధ్రంలోంచి గుంతలోకి పోయాయి. గుంత ఒక్కసారి కూడా నిండలేదు, ఒక్కసారి కూడా పొర్లలేదు. అది పొర్లినా బాగుండేది.

నూలు పున్నమ వచ్చింది. మగవాళ్లందరూ కొత్త జంధ్యాలు వేసుకుని మా కులదైవం మార్కండేయుడి రథం చూడ్డానికి తయారవుతున్నారు. మేం ఆడవాళ్లం చెంబులు పట్టుకుని పెరట్లో నిలబడ్డాం. సుందరాబాయి మొదటి బొక్కెన చేదింది. కుంకుమ వేయడానికి వేళ్లు ఎత్తి, అలాగే ఆగిపోయింది. బొక్కెనలో నీళ్లు లేత ఎరుపు.

నేను ఆమె పక్కనే ఉన్నాను. నా కళ్లతో చూశాను. ఆమె మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. "మల్ల వచ్చినవా తల్లీ! ముప్పై ఏండ్లకు మల్ల వచ్చినవా! నా కోడలి కోసం వచ్చినవా!" అందరి ఒళ్లూ గగుర్పొడిచింది. గల్లీకి గల్లీ పెరట్లోకి తోసుకొచ్చింది. మా పక్కింటి యమునాబాయికి పూనకం వచ్చింది. అబద్ధమెందుకు, నేను కూడా లెంపలేసుకుని ఏడ్చాను.

లలితకు అప్పుడు ఏడో నెల. అత్త ఆమె చెయ్యి పట్టి ముందుకు తీసుకొచ్చి, చెంబు నింపి ఇచ్చింది. సరిగ్గా అప్పుడే రామన్న కొళాయి నుంచి బిందెతో వచ్చాడు. జనాన్ని తోసుకుని లోపలికొచ్చి, ఆ చెంబులో నీళ్లు చూశాడు.

"తాగకు బిడ్డా!" అని అరిచాడు. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"ఎందుకు తాగొద్దు?" అంది సుందరాబాయి. ఆమె గొంతులో కోపం లేదు. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు. "సూడయ్యా, గప్పుడు నా కోసం వచ్చినట్టే మల్ల వచ్చింది. సూడు."

రామన్న ఆ మొహం చూశాడు. చుట్టూ ఉన్న మా అందరినీ చూశాడు. పెదాలు కదిలాయి. "నీళ్ల రంగు మారింది గదా..." అన్నాడు.

"కుంకుమ పడితే రంగు మారదా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. లలిత మామ వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసి, చెంబెత్తి గడగడా తాగింది. ఇంకో ఇద్దరు కోడళ్లూ తాగారు. వాళ్లది ఆ ఒక్కరోజుతో సరి, వాళ్లకేమీ కాలేదు. రామన్న బిందె దించకుండానే వెనక్కి తిరిగి డాక్టరు గదికి పోయి, "ఇయ్యాల్టి సంది గుంతల పొయ్యకు బిడ్డా" అని బతిమాలాడు. "ఎక్కడ పొయ్యాలె కాకా?" అని డాక్టరు గల్లీలో నిలబడ్డ బర్రెల్ని చూపించాడు. "ఈ రోగం తగ్గనియ్, వేరే ఖోలీ చూసుకుంట." ఎందుకని అతను అడగలేదు, రామన్న చెప్పలేదు. ఆ ముసలాయన మీద నాకు జాలి లేకపోలేదు, కానీ ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇంకా దేని కోసం ఆగాడు?

వారం తిరిగేసరికి లలితకు జరం పట్టుకుంది. అవే నీళ్లు తాగే అత్తకు, మొగుడికి ఒళ్లు వెచ్చబడి తగ్గిపోయింది గానీ, కడుపుతో ఉన్న పిల్లను వదల్లేదు. చలి, వణుకు, పిక్కలు పిండేసినట్టు నొప్పి. కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. సుందరాబాయి ఏం చేసిందో తెలుసా? గంటకోసారి బావి నీళ్లు తాగించింది. తడిగుడ్డ ఆ నీళ్లలోనే ముంచి నుదుటికి వేసింది. "అమ్మ నీళ్లకు మించిన మందు లేదు" అంది. పిల్లది ఆ చెంబు చూస్తేనే మొహం తిప్పుకునేది, అయినా అత్త మాట కాదనలేక గుటక వేసేది. కళ్లు పచ్చబడ్డాక పాండురంగ్‌కు భయం పుట్టి డాక్టర్ని లోపలికి పిలిచాడు. పశువుల డాక్టరైతేనేం, ఎవరో ఒకరు డాక్టరు కదా అని.

అన్నాళ్లలో దశరథ్ తన గది దాటి పెరటి వైపు రావడం అదే మొదటిసారి. అమ్మ ఉన్న జాగ అని సుందరాబాయి రానిచ్చేది కాదు. అతను లలిత కళ్లు చూశాడు, మంచం పక్కనున్న చెంబు చూశాడు. చెంబెత్తి వెలుతురులో పెట్టి చూసి, గబగబా బావి దగ్గరికి పోయి వంగాడు. తిరిగి వచ్చినప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కాకూ, ఇది కుంకుమ గాదు. నా ఎర్రమందు. బర్రెల కాళ్లు కడిగిన నీళ్లు ఇవి. నువ్వు ఈమెకు ఇవే తాగిపిస్తున్నవా?"

సుందరాబాయి చేతికి దొరికిన చెంబుతో అతని మీదికి పోయింది. "నా అమ్మను అంటవారా? నడుమ రెండర్రలున్నయి. నీ మందు కాళ్లొచ్చి నడిచిందా బావిలకు?"

"నడిచింది," అన్నాడు రామన్న.

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క మాట అన్నాక ఇక ఆగలేదు. కాగు పాడైన సంగతి, తండ్రి భయం, గుంతలో కుమ్మరించిన రంగు, తెల్లారి తల్లి కేక, అన్నీ చెప్పాడు. ఒక్క మాట మింగలేదు. మేమందరం నిలబడి విన్నాం. సుందరాబాయి ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అబద్ధం," అంది. "నా మీద కోపముంటె నన్ను కొట్టయ్యా. అమ్మ మీద అబద్ధం చెప్పకు."

రామన్న ఆమెతో వాదించలేదు. కొడుకు వైపు తిరిగి, "పాండూ, కార్ఖానల పచ్చరంగు ఉన్నదా?" అని అడిగాడు. పాండురంగ్ సైకిలెక్కి పోయి డబ్బాడు రంగు తెచ్చాడు. రామన్న దాన్ని కాగులో కలిపి, అందరూ చూస్తుండగా మగ్గం గుంతలో పోశాడు. గుంత గుటక వేసింది. అందరం పెరట్లోకి పోయి బావి చుట్టూ నిలబడ్డాం. సుందరాబాయి గట్టు మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు ఆర్పకుండా లోపలికి చూస్తూ పోచమ్మను పిలుస్తోంది. ఆ రంగు రావద్దని పిలుస్తోంది. 

మధ్యాహ్నం వంట వేళకు, నీటి మట్టానికి కాస్త పైన ఓ రాయి సందులోంచి సన్నటి పచ్చ దారం దిగింది. చూస్తుండగా లావైంది. ఎర్రటి నీళ్లలో పడి అటూ ఇటూ పాకింది.  సుందరాబాయి బావిలోంచి తల ఎత్తి, లోపల లలిత పడుకున్న మంచం వైపు చూసింది.

అప్పుడు ఎత్తుకుపోయారు సివిల్ దవాఖానకు. కామెర్లు ముదిరిపోయాయి, పశువుల ఉచ్చ కలిసిన నీళ్లతో వచ్చే జరం ఇది, ఇన్నాళ్లేం చేస్తున్నారని అక్కడి డాక్టరమ్మ అరిచిందట. లలిత బతికింది. బిడ్డ బతకలేదు. మగపిల్లవాడు. అన్ని అవయవాలూ కుదిరిన పిల్లవాడని పాండురంగ్ మా గడపలో కూర్చుని చెబుతూ ఏడ్చాడు.  మంచినీళ్లిచ్చాను. అతను గ్లాసు పట్టుకుని తాగకుండా చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పోయే ముందు రామన్న కాళ్ల దగ్గర కూర్చుని, "కాకా, నేను అడిగిననాడు చెప్తే అయిపోయేది గదా" అన్నాడట. రామన్న తనే తట్టలతో మట్టి మోసి మగ్గం గుంత పూడ్చాడు. గుంత పూడ్చే ముందు మొక్కలేదు. బావి మీద పెద్ద షాబాద్ బండ వేయించారు. సుందరాబాయి ఇంటింటికీ తిరిగి, "ఆ నీళ్లు అమ్మయి గావు, నన్ను క్షమించుండ్రి" అని చెప్పింది. ఎవరి చేత తన కాళ్లకు పసుపు రాయించుకుందో వాళ్ల గడపల్లోనే నిలబడి చెప్పింది. మా ఇంటికి వచ్చినప్పుడు నా నోరు పెగల్లేదు, నా పెద్ద నోరు.

మొగుడితో మాత్రం మాట్లాడలేదు. దీపావళి దాటింది. ఒక సాయంత్రం నేను లలితకు జావ తీసుకుని పోయేసరికి పిల్లది పడుకుని ఉంది. పెరట్లో రామన్న నీళ్ల బిందె దించుతున్నాడు. సుందరాబాయి బావి బండ మీద కూర్చుని ఉంది.

"పాండు మరి ఎట్ల బతికిండు?" అంది ఉన్నట్టుండి, ఆయన వైపు చూడకుండా. "అమ్మ గాదన్నవు. వట్టి రంగు నీళ్లన్నవు. మరి వాడెట్ల నిలిచిండు నా కడుపుల?"

రామన్న బిందె కింద పెట్టి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మాట ఆమెకు చెప్పాలని దాచుకున్నట్టున్నాడు, మొహం కాస్త వెలిగింది కూడా. "నువ్వు నిలిపినవు సుందరా. అమ్మ గాదు, నీళ్లు గాదు. నీ ఒళ్లు గట్టిది, నీ పెయ్యి గట్టిది. నువ్వే నిలిపినవు."

 ఆమె చేత్తో బండను నిమురుతూ కూర్చుంది. లోపల లలిత నిద్రలో మూలిగింది. సుందరాబాయి అటు చూసి, మళ్లీ మొగుడి కళ్లలోకి చూసింది.

"లలిత పెయ్యి గూడ గట్టిదేనయ్యా," అంది.